అల్లుడుగారి మీసాల మీద నురగ

“ఆ కారు అమ్మేద్దాం” అని కొడుకు అన్నం తింటూ తాపీగా అనేసరికి, అత్తాకోడళ్ళిద్దరికీ ఒక్కసారే గొంతులో వెలక్కాయ పడింది.

అతని విసుగులోనూ తప్పు లేదు పాపం. అది పాత కారు. కోడలు నడపడం నేర్చుకున్నప్పటి నుంచీ నడివీధిలో మొరాయించడం, ఆమె ఫోన్ చేయడం, అతను ఆఫీసు పని వదిలేసి పరిగెత్తుకు రావడం మామూలైపోయింది. తీరా చూస్తే ఒకసారి బ్యాటరీ తీగ వదులు, ఇంకోసారి రేడియేటర్‌లో చుక్క నీళ్ళు ఉండవు.

“అక్కావాళ్ళకి కావాలట. ఆదివారం బావ చూడ్డానికొస్తాడు.”

“వద్దండీ! ఇకమీదట దాని సంగతి నేను చూసుకుంటాను.”

“నువ్వా? అసలు బానెట్ ఎలా తెరుస్తారో తెలుసా నీకు?”

కోడలికి ఒళ్ళు మండింది. నిజంగానే తెలియదు మరి, అందుకే ఇంకాస్త మండింది.

“సరే, పందెం,” అన్నాడతను నవ్వుతూ. “ఆదివారం దాకా నన్ను పిలవకుండా మీరే బాగుచేసుకోండి. బావని ఎక్కించుకుని అలా ఊరు దాటి వచ్చేద్దాం. దారిలో కారు ఒక్క పేచీ పెట్టినా తాళాలు బావ చేతికే.”

మర్నాడు అతనలా గడప దాటాడో లేదో, ఇద్దరూ నడుం బిగించారు. బానెట్ తెరవడానికే సగం పొద్దు పట్టింది. తెరుచుకోగానే నిధి దొరికినంత సంబరపడ్డారు. కారుతో పాటు వచ్చిన పుస్తకం కోడలు పైకి చదువుతుంటే అత్తగారు తలూపింది. ఇంజన్ చల్లారాకే నీళ్ళ మూత తీయాలట. ఆయిల్ చూసే పుల్లని ఒకసారి తుడిచి, మళ్ళీ ముంచి చూడాలట.

“తుడవకుండా చూస్తే ఏం తెలుస్తుందే, నా మొహం!” అంది అత్తగారు, పుట్టినప్పటి నుంచీ మెకానిక్కే అయినట్టు.

బ్యాటరీ కొనల మీద పేరుకున్న తెల్లటి చిలుముని వేణ్ణీళ్ళు పోసి, పాత బ్రష్షుతో తోమేసింది ఆవిడ. అది పాత బ్రష్షు కాదని, కొడుకు పళ్ళు తోముకునేదని తర్వాత బయటపడింది. గప్‌చుప్‌గా కొత్తది కొని పెట్టేశారు. పెట్రోలు బంకులో టైర్లకు గాలి కొట్టేవాడి నెత్తిమీద నిలబడి, “పుస్తకంలో ఎంతుందో అంతే కొట్టు బాబూ, మొహమాటపడకు!” అని వాడి ప్రాణం తీసింది. తిరిగొచ్చేటప్పుడు ఇద్దరూ కారణం లేకుండా ఒకటే నవ్వు.

చివరికి అద్దం మీదికి నీళ్ళు చిమ్మే డబ్బా మిగిలింది. కోడలు అందులో నీళ్ళు పోసి, గుడ్డ కోసం లోపలికెళ్ళింది. ఆ కాస్తలో అత్తగారు ఏం చేసిందో అప్పటికి ఆవిడకే తెలుసు.

ఆదివారం కారు వెన్నలా సాగింది. కోడలు నడుపుతోంది, పక్కన మొగుడు. వెనక సీట్లో అత్తగారు, కిటికీ దించుకుని దర్జాగా అల్లుడుగారు. పేచీ లేదు, చప్పుడు లేదు. కోడలి మొహం వెలిగిపోతోంది. అంతలో ముందు పోతున్న లారీ గుంటలోకి దిగి, అద్దం నిండా బురద కొట్టింది.

ఆమె నీళ్ళ మీట నొక్కింది.

అద్దం మీద నురగ లేచింది. వైపర్లు తిరిగేకొద్దీ అది గిలక్కొట్టినట్టు పొంగి పొంగి, ఎదర దారి కనబడకుండా కమ్మేసింది. కొంత గాలికి ఎగిరి, కిటికీలోంచి సరాసరి అల్లుడుగారి మీసాల మీద వాలింది.

“అయ్యయ్యో, అల్లుడుగారూ!”

కోడలు మెల్లగా బండి పక్కకు తీసి ఆపింది.

“అమ్మా, ఏం పోశావందులో?”

“గిన్నెల సబ్బేరా. ఉత్త నీళ్ళకి ఎక్కడైనా మురికి పోతుందా?”

“ఎంత పోశావు?”

“సీసాలో ఉన్నదంతా.”

ముందు అల్లుడుగారు కిసుక్కుమన్నాడు. ఆ తర్వాత కారులో ఎవరికీ ఊపిరాడలేదు. కోడలు స్టీరింగ్ మీద తల వాల్చి, కళ్ళ నీళ్ళు వచ్చేలా నవ్వింది.

మొగుడు కళ్ళు తుడుచుకుని చెయ్యి చాపాడు. “సరే, పందెం పందెమే. తాళాలిలా ఇవ్వు.”

కోడలి నవ్వు ఆగిపోయింది. “పేచీ పెట్టింది కారు కాదండీ, మేమే కదా,” అంది.

“ఒరేయ్,” అంది వెనకనుంచి అత్తగారు. “ఎక్కడికెళ్ళాలన్నా, ఎవరికి తీరికవుతుందా అని జన్మంతా కాచుక్కూర్చున్నాన్రా. నీకు తీరదు, తప్పు పట్టను. ఇప్పుడు మధ్యాహ్నమైతే చాలు, అమ్మాయి ‘పోదామా అత్తయ్యా’ అంటుంది. ఎక్కడికని కూడా అడగను, చెప్పులేసుకుంటాను. నాకెంత బావుంటుందో నీకు తెలీదు. దీన్ని మాకుండనీరా.”

అతను చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

“నాకొద్దు బావమరిదీ ఈ కారు,” అన్నాడు అల్లుడుగారు మీసాలు తుడుచుకుంటూ. “ఎక్కినప్పుడల్లా తువ్వాలు తెచ్చుకోవాలి.”

కొడుకు కిందికి దిగాడు. జేబురుమాలు తీసి, అద్దమంతా తనే తుడిచాడు. వెనక తలుపు తెరిచి, “అమ్మా, నువ్వు ముందుకెళ్ళు. అది నీ చోటు,” అన్నాడు.

అత్తగారు ముందు సీట్లో సర్దుకుని కూర్చుని, బెల్టు తనే పెట్టుకుంది. కోడలు కారు స్టార్ట్ చేసింది. వెనక బావగారి పక్కన మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్న అతను, “ఎక్కడికమ్మా?” అన్నాడు.

“ఏమోరా,” అంది ఆవిడ. “మేమెప్పుడూ అనుకోం.”