అడగడం మానేసిన పిల్ల

నందినికి మూడో ఏడు నడుస్తోంది. మాట రాలేదు. చెవులు బాగానే ఉన్నాయనీ, కొన్నాళ్లు చూసి మళ్లీ తీసుకురమ్మనీ కదిరిలో డాక్టరు చెప్పి పంపాడు. మాట లేదన్న పేరే గానీ ఆ పిల్ల చెప్పని సంగతి లేదు. దాహమైతే తల్లి చిటికెన వేలు పట్టుకుని లాక్కుపోయి, ఆ చేతిని కుండ మీద పెట్టేది. తండ్రి తిప్పేస్వామి ఇంకా రాలేదేమని అడగాలంటే గడపలో నిలబడి, బండి తోలినట్టు పిడికిళ్లు తిప్పేది. హేమలతకు అన్నీ అర్థమయ్యేవి. కూతురికి మాటలు లేవని పక్కింటివాళ్లు అంటేనే గుర్తొచ్చేది.

"అది కన్నెత్తితే చాలు, ఉరికి తెచ్చిస్తావు. ఇంగ నోరెందుకు తెరుస్తాదిమ్మే?" అనింది అత్త కదిరమ్మ. "నాలుగు దినాలు తెలీనట్లుండు. అదే అడుగుతాది."

"అడక్కపోతే, అత్తా?"

"యాడ పోతాది? దప్పికయితే గొర్రెపిల్ల గూడా అరుస్తాది."

తప్పు తనదేనేమోనన్న అనుమానం హేమలతకు ముందు నుంచీ ఉంది. అత్త దాన్ని పైకి అనేసింది, అంతే.

మర్నాడు నందిని వేలు పట్టుకుంటే హేమలత కదల్లేదు. "ఏం కావల్ల? నీళ్లు అను, ఇస్తా." పిల్ల రెండు చేతులతో లాగింది. లాగి లాగి, తల్లి ముఖంలోకి చూసింది. సొంత ఇంటి తలుపు తడితే ఎవరో కొత్త మనిషి తీసినప్పుడు చూసే చూపు అది.

కాసేపటికి కదిరమ్మే చాటుగా చెంబు అందిస్తూ దొరికిపోయింది. "తెలీనట్లుండమన్నది నిన్ను, నన్ను కాదు," అంటూ మనవరాలి మూతి కొంగుతో తుడిచింది.

రెండు మూడు రోజుల్లో నందిని వేలు పట్టుకోవడమే మానేసింది. పెడితే తినేది, పోస్తే తాగేది. బండి చప్పుడైనా తల తిప్పలేదు. ఇల్లు మూగబోయింది. ఆ పిల్ల ఇన్నాళ్లూ ఎంత మాట్లాడేదో హేమలతకు అప్పుడు తెలిసింది. మాట నేర్పబోయి ఉన్నది కాస్తా పోగొట్టానా అని భయపడింది.

ఆ సాయంత్రం విత్తనానికి శెనక్కాయలు ఒలుస్తూ కూర్చుంది. పిల్ల గోడవైపు తిరిగి ఉంది. పిలవడానికి ధైర్యం చాలలేదు. ఏ మాటన్నా అది మళ్లీ ఆజ్ఞలాగే వినిపిస్తుందేమో. చివరికి తనే పిల్ల ఎదుటికి జరిగి, ఖాళీ అరచేయి చాపి ఊరకే కూర్చుంది.

నందిని ఆ చేతిని చూసింది. ముఖాన్ని చూసింది. చాలాసేపటికి లేచి, చేటలోంచి ఒక కాయ తీసుకుని కొరికింది. అది తెరుచుకోకపోతే నేలకేసి కొట్టి, నలిగిన గింజను తల్లి చేతిలో పెట్టింది. తింటుందా లేదా అని నోటివైపే చూస్తూ నిలబడింది.

హేమలత తిన్నది. ఎంగిలి, మట్టి, తీపి. అడిగితే ఇవ్వాలన్నది ఈ పిల్ల మరిచిపోలేదు. తనకు ఇవ్వని మనిషికి కూడా ఇచ్చింది.

"ఏమే, విత్తనమంతా తల్లీబిడ్డా మెక్కితే చేన్లో ఏమేస్తారు?" లోపల్నుంచి కదిరమ్మ కేకేసింది.

నందిని మెల్లగా తన చిన్న అరచేయి చాపుతోంది. హేమలత కళ్లు తుడుచుకుని, చేటలో బాగా నిండిన కాయ ఒకటి వెతికి తీసింది.