మొదటి ముద్దకు మీసమే మూల్యం

ఏలూరు గుమాస్తా నరసింహమూర్తికి కొడుకు పుట్టి ఆరో నెల వచ్చినా, వాడి ముద్దుమురిపాలన్నీ అత్తవారి తాడేపల్లిగూడెంలోనే ఉండిపోయాయి. బారసాలకు వెళ్ళాడు. ఆ తరువాత, పిలవందే అల్లుడు వెళ్ళడమేమిటని ఏలూరులోనే బిగుసుకుని కూర్చున్నాడు. తీరా అన్నప్రాశనకు పిలుపొచ్చేసరికి, మొదటి ముద్ద తన చేత్తోనే పెట్టాలని ముందురోజే రైలు దిగాడు.

ఎత్తుకోబోతే బిడ్డ గుక్కపట్టాడు. బావమరిది లక్ష్మీకాంతం చెయ్యి చాపగానే వాడి చంకలోకి ఉరికి బోసినోరు తెరిచాడు. తండ్రికి కేకలు, మామకు కేరింతలు! నరసింహమూర్తి కడుపులో కుంపటి రాజుకుంది.

"వాడు మీ మీసం చూసి జడుసుకుంటున్నాడండీ బావగారూ," అన్నాడు లక్ష్మీకాంతం. బావమరిదికింకా మూతిమీద నూగే తప్ప మీసం లేదు. నున్నటి మూతికే ముద్దూ ముద్దా రెండూనా అని నరసింహమూర్తి ఉడికిపోయాడు.

తెల్లవారగానే వెళ్ళి మీసం తీయించేశాడు. ఇంట్లో అంతా క్షేమమేనా అని మంగలి రెండుసార్లు అడిగినా అతని బుర్రకెక్కలేదు.

వాకిట్లో ముగ్గేస్తున్న అత్తగారు కనకమ్మ ఆ మూతి చూసి ముగ్గుచిప్ప వదిలేసింది. తండ్రి పోతే తప్ప మీసం తీయని ఇళ్ళు వాళ్ళవి.

"అన్నయ్యగారు వెళ్ళిపోయారా నాయనా," అంటూ చతికిలబడింది.

అన్నయ్యగారంటే గుండుగొలనులో ఉన్న వియ్యంకుడు శివరామయ్య. అల్లుడు నోరు విప్పేలోగా లోపల పొయ్యి మీది గిన్నె దించేశారు. మైలలో అన్నప్రాశనేమిటి? పాయసం పోయి ఆయాసం మిగిలింది.

అంతలో శివరామయ్యగారే సాక్షాత్తూ బండి దిగారు. కొడుకు మూతీ, వియ్యపురాలి కన్నీళ్ళూ చూసి సంగతి కనుక్కున్నారు. తమ గుబురు మీసం ఒకసారి నిమురుకున్నారు.

"మీసం ఒక్కటే ఎందుకురా? గుండుగొలను వాడివి, ఆ గుండు కూడా కానిచ్చెయ్యకపోయావా?"

పాయసం మళ్ళీ పొయ్యెక్కింది. తండ్రి బతికుండగా మీసం తీసినవాడి చెయ్యి శుభానికి పనికిరాదని, ముద్ద పెట్టడానికి ఆయనే పీట మీద కూర్చున్నారు. బిడ్డ ఆ గుబురు మీసాన్ని రెండు చేతులా పట్టుకుని కిలకిలా నవ్వుతూ నోరు తెరిచాడు.

నరసింహమూర్తికి ఈసారి కన్నతండ్రి మీదే కుళ్ళు పుట్టింది. మీసానికి జడిసేవాడైతే మరి అదేమిటని భార్య శ్యామలను గొణుగుతూ అడిగాడు.

"మామయ్యగారు పిలవకుండానే వారం వారం వచ్చి వాణ్ణి ఆడించి వెళుతున్నారండీ. మీరేమో పిలుపు కోసం కూర్చున్నారు."

"ఆ మాట ముందే చెప్పొచ్చుగా?"

"నిన్న చెప్పానండీ," అంది శ్యామల. "మీరు మీసం దువ్వుకుంటున్నారు."