మేము, మనం, పదిహేడో నంబరు

సరిహద్దులో యుద్ధం నాలుగు రోజుల్లో ముగిసింది. ఆ నాలుగు రోజుల్లో ఎవరెన్నిసార్లు "నేను" అన్నారో, ఎన్నిసార్లు "మనం" అన్నారో లెక్కపెట్టడానికి కుప్పం యూనివర్సిటీలో వనితకు నెల పట్టింది. యుద్ధమొస్తే మనిషి తనను తాను ఎవరనుకుంటాడో వాట్సాప్ స్టేటస్‌లలోని మాటల్ని బట్టి కనిపెట్టడం ఆమె పరిశోధన. అందులోని నలభై మందికీ పేర్లుండవు, నంబర్లే.

పదిహేడో నంబరు ఆమె మొగుడు మునిశేఖర్.

అతను మదనపల్లె టమోటా మార్కెట్లో గుమాస్తా. "మా ఇంట్లో ఆడోళ్లు హాస్టళ్లలో ఉండరు" అన్నాడని ఆమె హాస్టలుకు వచ్చేసింది. మిగతా మాటల కన్నా ఆ "మా" గుచ్చుకుంది. పెళ్లాంతో "మా ఇల్లు" అంటే ఆమె బయటిదనే కదా. అప్పట్నుంచి ఫోన్లు లేవు.

యుద్ధానికి ముందు అతని స్టేటస్ "నేను టీ తాగినా". యుద్ధంలో "మనమంతా ఒకటే, మనల్ని ఎవురూ విడదీయలేరు". నూట నలభై కోట్ల జనంలో తానూ ఒకతె కాబట్టి లెక్కప్రకారం రాజీ కుదిరినట్టే అనుకుని నవ్వుకుంది. కాల్పులు ఆగిన మూడో రోజుకే మళ్లీ టీ.

సంతకం లేకపోతే పదిహేడో నంబరును లెక్కలోంచి తీసేయాలి. అందుకని శనివారం దారిమధ్యలో పుంగనూరు బస్టాండుకు రమ్మని అతనికి మెసేజ్ పెట్టి, అంగీకార పత్రం తీసుకుని బయల్దేరింది. ఒక్క సంతకానికి రెండు జతల బట్టలెందుకు సర్దుకుందో ఆమె తన మనసును అడగలేదు.

అతను పత్రమంతా నిదానంగా చదివాడు.

"నా స్టేటస్‌లు నువ్వు సూస్తాండావని తెలుసు మే. సూసినోళ్ల పేర్లు ఆడ కనిపిస్తాయి."

అంత చదివిన మనిషికి అది తట్టలేదు. పరిశోధన కోసమే చూశానంది.

"ఆ మనం ఎవురికి రాసినా అనుకొన్యావు?"

"దేశానికి."

"దేశం యాడ సూస్తాది నా స్టేటస్? సూసేది పదిమంది."

సంతకం పెట్టాడు. చదువు అయ్యేందుకు ఇంకో ఏడాది పడుతుందని, హాస్టల్లోనే ఉంటానని ఆమె చెప్పింది. అతను పత్రం మడిచి ఆమె చేతికిచ్చాడు.

"సోమవారం నేనే కుప్పం బస్సు ఎక్కిస్తాలే."

మదనపల్లె బస్సులో కండక్టరు అతన్ని, ఒకరేనా అని అడిగాడు.

"కాదప్పా, మేమిద్దరం."

మేము. ఈసారి ఆ మాటకు బయట ఉన్నది కండక్టరు. వనిత చేయి సంచిలో మాటల లెక్క రాసుకునే పుస్తకం మీదికి వెళ్లింది. లెక్కపెట్టాల్సిన రోజులు దాటిపోయాయని గుర్తొచ్చి, కిటికీ వైపు జరిగి అతనికి చోటిచ్చింది.