మిద్దె మీది ఎర్ర కుర్చీ

కోయిలకుంట్ల బజారులో గంగాధరం ప్లాస్టిక్ సామాన్ల అంగడికి బోర్డు అక్కర్లేదు. మిద్దె మీద గొలుసు వేసి కట్టిన ఎర్ర కుర్చీయే దాని బోర్డు. అంగడి పెట్టిన ఏడే దాన్ని పైకెక్కించి, ఎండకైనా వానకైనా తన కుర్చీ రంగు మారదని ఊరందరి ముందూ ఒట్టేసి చెప్పాడు మహానుభావుడు. కోయిలకుంట్ల ఎండ తెలిసినవాడెవడైనా అలాంటి మాట అంటాడా?

ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మకు ఒక్క వేసవిలోనే సంగతి తెలిసిపోయింది. వడియాలు పెట్టడానికి పైకెళ్లి కుర్చీని ముట్టుకుంటే చేతికి తెల్లటి పొడి అంటింది. ఎరుపు కాస్తా వెలిసి గులాబీ రంగుకొచ్చింది. కంపెనీ మనిషిని అడిగింది. ప్లాస్టిక్‌లో ఎండదెబ్బకు మందు కలుపుతామమ్మా, ఆ పాడు కిరణాలను అది తన మీద వేసుకుంటుంది, వేసుకునీ వేసుకునీ ఆ మందే ఖర్చయిపోతుంది, ఆ తర్వాత కుర్చీ పెళుసెక్కి పుటుక్కున విరుగుతుంది అన్నాడతను. నీడన ఉంటే మాత్రం ఏళ్లకేళ్లు వస్తుందట.

మొగుడికి చెప్పిందా? లేదు. మీసం దువ్వుకుంటూ కుర్చీని చూపించే మనిషి మొహం చిన్నబోతే చూడలేదామె. అందుకే ఏటా ఉగాదికి ముందు, ఆయన భోంచేసి కునుకు తీసే వేళ, అంగట్లోంచి కొత్త ఎర్ర కుర్చీ పైకి మోసి, పాతది పెరట్లో నీడకు చేర్చేది.

ఈ ఏడు ఆమె కంటికి పొర వచ్చింది. ఆపరేషన్ అయ్యేదాకా మెట్లెక్కొద్దన్నాడు కర్నూలు డాక్టరు. దాంతో పోయినేటి కుర్చీ మీదే రెండో ఎండాకాలమూ పడుతోందని ఆమె దిగులు.

సరిగ్గా అప్పుడే దిగాడు వెంకటేశ్వర్లు. పెద్ద రైతు, కొత్తగా కల్యాణ మండపం కట్టించాడు, మనిషి గున్న ఏనుగంత ఉంటాడు. మండపానికి కుర్చీలు కావాలి.

"ఏమప్పా శెట్టీ, ఆ పైదాన్ని దించు. దాంట్లో నేను కూచుంటా. ఇరగకుంటే కుర్చీలన్నీ నీ తాననే" అన్నాడు.

బజారంతా మూగింది. గంగాధరం ఈల వేసుకుంటూ పోయి కుర్చీని దించుకొచ్చాడు. రాజ్యలక్ష్మమ్మ అంగట్లోంచి పరుగెత్తుకొచ్చింది. అది విరిగితే మొగుడి మాట బజారున పడుతుంది, ఆ మొహాన్ని ఆమె ఎలా చూస్తుంది? వెంకటేశ్వర్లు పంచె సర్దుకుని వంగేలోపే మధ్యలో దూరి, కళ్లు గట్టిగా మూసుకుని, దబ్బున తనే కూర్చుంది. విరిగితే తన ఒళ్లు లావని అనుకుంటారులే, అనుకోనీ.

కుర్చీ కిమ్మనలేదు.

చేత్తో తడిమి చూసింది. పొడి లేదు, అంతా నున్నగా ఉంది. వెంకటేశ్వర్లుకు అనుమానం వచ్చి, ఆమెను లేపి కుర్చీని తిరగేశాడు. అడుగున ధర స్టిక్కరు తళతళలాడుతోంది. ఇదేమిటని అడిగితే గంగాధరం బుర్ర గోక్కున్నాడు.

"ఏటా మా ఆమే మారుస్తాది. అంగట్లో ఒక కుర్చీ తగ్గితే నాకు తెలీదా? నా మాట కోసం మోస్తాండాది గదా అని గమ్మునుంటిని. ఈసారి ఆమె కన్ను బాగలేదని నేనే మారిస్తిని."

బజారు బజారంతా పగలబడి నవ్వింది. రాజ్యలక్ష్మమ్మ ఇక దాచలేదు. ఎండలో పెడితే ఏడాదికే వెలుస్తుందనీ, మండపం నీడలో అయితే శానా కాలం వస్తుందనీ ఉన్నదున్నట్టు చెప్పేసింది. వెంకటేశ్వర్లు కళ్లు తుడుచుకుంటూ, నిజం చెప్పే అంగడి ఇంకెక్కడ దొరుకుతుందని కుర్చీలన్నీ అక్కడే తీసుకున్నాడు.

ఆమె మాత్రం మొగుడివైపు తిరిగింది. నవ్వూ ఏడుపూ ఒక్కసారే వస్తున్నాయి.

"ఇన్నేండ్లు మార్చినా, ఒక్కనాడన్నా ఊర్లో ఎవరికన్నా దొరికినానా? స్టిక్కరు పీకాలని కూడా తెలీదా మీకు?"