గుమ్మంలో గంగాళం

అమీర్‌పేటలో దోమలకి కూడా కోచింగ్ ఇస్తారని హనుమత్ప్రసాద్ గారి అభిప్రాయం. లేకపోతే కిటికీలకి జాలీలు కొట్టించినా, ఫ్యాను ఫుల్లులో పెట్టినా సరాసరి చెవి దగ్గరికే ఎలా వస్తాయంటారు? ఆయన భార్య రత్నమాలకి ఈ వేళాకోళం రుచించేది కాదు. పోయిన ఏడాది వినాయక చవితికని వచ్చిన కూతురు మంజూషకి ఈ ఇంట్లోనే డెంగీ తగులుకుంది. పంజగుట్ట ఆసుపత్రిలో ప్లేట్‌లెట్లు పడిపోతుంటే, ఆ తల్లి మొక్కని దేవుడు లేడు. పిల్ల గట్టెక్కింది గానీ ఇల్లు మాట పడింది.

ఇప్పుడు మంజూషకి ఆరో నెల దాటింది. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి. ఆ పురుడు తన చేతులమీదుగా పోయాలన్నది రత్నమాల ఆశ, ఆశ అంటే అలాంటిలాంటి ఆశ కాదు. కానీ బంజారా హిల్స్‌లో ఉండే వియ్యపురాలు సుమశ్రీ గారు ఫోనులో మెత్తగానే అడ్డం కొట్టారు.

"ఏమీ అనుకోకండి వదినగారూ. మళ్లీ ఆ దోమల్లోకి పిల్లని ఎలా పంపమంటారు? కాయిల్ వెలిగిద్దామంటే ఆ పొగ తగిలితే చాలు, తనకి ఆయాసం. శ్రావణ శుక్రవారం పేరంటానికి వస్తానుగా. ఇల్లు చూశాకే ఏ మాటైనా."

ఆ సాయంత్రమే రత్నమాల ఎదురు ఫ్లాటు సత్తెమ్మ దగ్గర కూర్చుని కళ్లొత్తుకుంది. సత్తెమ్మది సిద్దిపేట వైపు. కొడుకు రాకేశ్‌కి సనత్‌నగర్‌లో లేతు మిషన్ల వర్క్‌షాపు. ఆవిడ బాల్కనీలో మొక్కలకి చోటు పోగా మనుషులకి మిగిలేది జానెడు.

"ఏడుస్తే దోమలు పోతయా అక్కా? గీ నిమ్మగడ్డి దుబ్బు తీస్కపో. బంతి, తులసి, పుదీన సుత ఇస్త. కానీ ఊకె కుండీల పెట్టుకుంటే దోమకేం ఫికర్? పొద్దూకంగ ఆకులు నలిపి కిటికీల పెట్టాలె. వాసన గుప్పున రావాలె" అంది సత్తెమ్మ.

ఇద్దరూ కలిసి ఇల్లు పీకి పందిరి వేశారు. బాల్కనీ నిండా కుండీలు, కిటికీల్లో నలిపిన ఆకులు. కుండీల కింద పళ్లాల్లో చుక్క నీరు నిలవకుండా హనుమత్ప్రసాద్ గారిని కాపలా పెట్టారు. ఆయన గుడ్డ పట్టుకుని ఆ ఉద్యోగం శ్రద్ధగానే చేశాడు. బాల్కనీ వైపు దోమలు నిజంగానే పలచబడ్డాయి. హాల్లో మాత్రం తగ్గలేదు. అందుకని రత్నమాల గుమ్మంలో బంతిపూలు రెట్టింపు చేసింది.

ఆ గుమ్మం సంగతి చెప్పాలి. తణుకు నుంచి తెచ్చుకున్న అమ్మనాటి ఇత్తడి గంగాళం ఒకటుంది ఆవిడకి. శ్రావణమాసం రాకముందే దాన్ని చింతపండుతో తోమి, గుమ్మం పక్కన పెట్టి, నిండా నీళ్లు పోసి, సత్తెమ్మ కోసిచ్చిన బంతిపూలు తేల్చింది. రోజూ పొద్దున్నే వాడిన పూలు తీసి కొత్తవి వేసేది, నీళ్లు తగ్గితే చెంబెడు కలిపేది. పారబోయడం మాత్రం లేదు. శ్రావణమాసంలో గుమ్మంలో నిండుగా ఉన్న నీళ్లు ఒలకబోస్తే లక్ష్మిని మెడపట్టి గెంటినట్టే కదా! సత్తెమ్మ కూడా ఆ కళ చూసి మురిసిపోయేదే తప్ప వంగి చూసింది లేదు.

శుక్రవారం సుమశ్రీ గారు వచ్చారు. బాల్కనీ చూశారు. నిమ్మగడ్డి ఆకు తుంచి నలిపి వాసన చూసి, "బాగుందండీ" అన్నారు. రత్నమాలకి పోయిన ప్రాణం లేచొచ్చింది. తాంబూలం అందుకుందామని ఆవిడ గుమ్మం దగ్గర సోఫాలో కూర్చున్నారు. కాలిమీద ఫట్ మని ఒక దెబ్బ. మోచేతిమీద ఇంకొకటి.

సుమశ్రీ గారు లేచారు. దోమ వచ్చిన దిక్కుకే నడిచి, గంగాళం దగ్గర వంగి, వేలితో పూలు పక్కకి జరిపారు. కింద నీళ్లలో సన్నటి పురుగులు గిలగిల్లాడుతున్నాయి. దీపం కింద చీకటంటే ఇదే. దోమలు పోవాలని పెట్టిన పూల నీడనే దోమ పిల్లలు హాయిగా పెరుగుతున్నాయి.

రత్నమాలకి తల కొట్టేసినట్టయింది. అప్పుడే పేరంటానికని పూలపళ్లెంతో వచ్చిన సత్తెమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. ఆ గంగాళాన్ని, ఈ వియ్యపురాళ్ల ముఖాల్ని ఒక్కసారి చూసింది.

"అయ్యో, గది నా పనే అమ్మా! పూలు నేనే ఏసిన, నీళ్లు సుత నేనే పోసిన. అక్కకేం తెల్వదు" అనేసింది.

ఒక్క 'ఊఁ' అంటే చాలు, కూతురు ఇంటికొస్తుంది. రత్నమాల నోటిదాకా వచ్చింది ఆ 'ఊఁ'. కానీ నెలరోజులుగా తన కోసం మట్టి పిసికిన మనిషి తలవంచుకుని నిలబడి ఉంటే ఎలా అంటుంది?

"కాదు వదినగారూ. పూలే ఆవిడవి. నీళ్లు నావి, పారబోయకూడదన్న బుద్ధీ నాదే" అంది.

సుమశ్రీ గారు సంచిలోంచి ఫోను తీసి ఇంట్లో పనిమనిషికి కలిపారు. "చిలకమ్మా, మన గుమ్మం ముందు పూలు వేసే రాతి తొట్టి ఉందే, ఆ నీళ్లు ఇప్పుడే పారబొయ్యి. ఆఁ, ఇప్పుడే. ఎప్పుడు మార్చామా? నాకేం తెలుసే, ఉగాదికి పోయించాం!"

ముందు నవ్వింది హనుమత్ప్రసాద్ గారు. తర్వాత అందరూ నవ్వారు.

"తప్పు జరగని ఇల్లంటూ ఉండదు వదినగారూ. దాచే ఇల్లయితేనే నాకు భయం. సీమంతం కాగానే పిల్లని తీసుకెళ్లండి" అన్నారు సుమశ్రీ గారు.

ఆవిడ కారెక్కాక రత్నమాల, సత్తెమ్మ చెరో కడియం పట్టుకుని గంగాళాన్ని మేడమీదికి మోసి, పురుగులు చచ్చేలా ఎండలో పారబోశారు.

"నింద నెత్తినెందుకు వేసుకున్నారు సత్తెమ్మ గారూ?"

"నీ బిడ్డ నీ ఇంటికి రావాలె గద అక్కా. నాకు ఆడపిల్ల లేకపాయె. గా సంబురం నీ ఇంట్లనన్న జూద్దామనుకున్న."

రత్నమాల కొంగుతో ముఖం తుడుచుకుంది. ఇంత మంచి మనిషిని ఎదురింట్లో పెట్టుకుని, ఇన్నాళ్లూ అల్లం, కరివేపాకు కోసమే ఆ తలుపు తట్టానే అనిపించింది.

కార్తీకంలో మంజూషకి ఆడపిల్ల పుట్టింది. ఉయ్యాలకి దోమతెర కట్టారు, కిటికీలో నిమ్మగడ్డి వాసనేసింది. పురిటి స్నానం రోజు రత్నమాల ఆ గంగాళంలోనే వేడినీళ్లకి చన్నీళ్లు తొలిపి, పీట వేసి, సత్తెమ్మని పిలిచింది. చూడ్డానికి పిలిచారనుకుని ఆవిడ గోడవారగా నిలబడింది.

"అక్కడ నిలబడితే ఎలా సత్తెమ్మా? పీటమీద కూర్చుని కాళ్లు చాపు. దీనికి నువ్వు అమ్మమ్మవి కాదూ?"

సత్తెమ్మ కళ్లు నీళ్లతో నిండిపోయాయి. కాళ్లు చాపి పసిదాన్ని వేసుకుని, ఒళ్లు రుద్ది, గంగాళంలో నీళ్లన్నీ అయిపోయేదాకా పోసింది. బిడ్డని తువ్వాల్లో చుట్టి రత్నమాల చేతికిచ్చాక, గంగాళాన్ని గోడవారకి లాగి తనే బోర్లించింది.