నిస్సీ బాగానే ఉందన్న తలగడ

నేను ఒక తలగడని. బూరుగు దూది తలగడనని కాస్త గట్టిగానే చెప్పుకుంటాను, ఎందుకంటే ఈ రోజుల్లో స్పాంజి ముక్కలు కుక్కిన ప్రతి గుడ్డసంచీ నా పేరు పెట్టుకుని తిరుగుతోంది. మీరు పడుకుని ఇది చదువుతున్నట్టయితే, తల కింద ఉన్నదాన్ని ఒకసారి తడిమి చూసుకోండి. అది మిమ్మల్ని గమనిస్తూనే ఉంటుంది.

నన్ను కనిగిరిలో ఖాసింబీ కుట్టింది. వాళ్ళాయన విల్లుతో దూది ఏకి పోస్తుంటే ఆవిడ పక్కన కూర్చుని గింజలు ఏరేది. "గింజ ఒక్కటి మిగిలినా చెవి కింద గరగరలాడతది, నిద్రపోనియ్యదు" అనేది. అంత శ్రద్ధగా కుట్టి, నీలం పూల గలీబు తొడిగి, లారీ డ్రైవర్ చెంచయ్య చేతికిచ్చింది.

చెంచయ్య నిద్ర గురించి ఎంత చెప్పినా తక్కువే. లారీ సీటు వెనక బల్ల మీద నన్ను పడేసి, తల ఆనించీ ఆనించకముందే చెరువులో వేసిన రాయిలా మునిగిపోయేవాడు. పక్కన హారన్లు మోగినా, వాన కురిసినా, క్లీనరు తిట్టుకుంటూ టైరు మార్చినా ఆయనకు పట్టేది కాదు. నిద్రంటే ఏమిటో నేను ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఈ విషయంలో మనుషులు పక్కవాళ్ళను మోసం చెయ్యగలరు. కళ్ళు మూస్తారు, ఊపిరి నెమ్మదిగా తీస్తారు, పిలిచినా పలకరు. తలగడ దగ్గర ఆ పప్పులుడకవు. నిద్ర పట్టిన తల బరువెక్కుతుంది. మెలకువగా ఉన్న తలను మెడ లోపల్నించి పట్టుకునే ఉంటుంది.

కూతురు హరిణికి ఒంగోలు బయట ఒక ఇంజనీరింగు కాలేజీలో సీటు వచ్చినప్పుడు చెంచయ్య నన్ను ఆమెకిచ్చేశాడు. "నేనెక్కడైనా పడుకుంటాలేమ్మే. చదువుకునేదానివి, నీకు నిద్ర కావాల" అన్నాడు. పాపం, హాస్టల్లో పిల్లలు నిద్రపోతారనే అనుకున్నాడాయన.

మాది రెండో అంతస్తులో చివరి గది. రెండు ఇనుప మంచాలు, ఒక గోడ అలమారా. రెండో మంచం నిస్సీది. చీరాల పిల్ల. హరిణి జుట్టు మెడ దాకా కత్తిరించుకుంటే, నిస్సీ నడుము దాటిన జడకు కొబ్బరినూనె రాసుకునేది. చర్చిలో పాటలు పాడే గొంతు. వచ్చిన కొత్తలో బట్టలు మడతపెడుతూ కూడా ఏదో ఒకటి పాడుకునేది. ఆ పాట ఎప్పుడు ఆగిపోయిందో గదిలో ఎవరూ గమనించలేదు.

హాస్టల్లో లైట్లు ఆర్పాకే అసలు వెలుగు మొదలవుతుంది. గదిగదిలో పిల్లల మొహాలు నీలంగా తేలుతుంటాయి. ఒళ్ళు మంచం మీదే ఉంటుంది, వేలు మాత్రం కదులుతూ ఉంటుంది. "ఈ ఒక్కటీ చూసి పడుకుంటా" అని తమకు తామే చెప్పుకుంటారు. నా అనుభవంలో ఆ ఒక్కటికి చివరనేది లేదు. హరిణి ఎప్పటికో కళ్ళు మూసి ఫోన్‌ను నా కిందకి తోసేది. అది నా పొట్టలో వెచ్చగా గురగురమనేది. కొన్నాళ్ళకు, ఫోన్ అక్కడ లేనప్పుడు కూడా గురగుర వినిపించడం మొదలైంది. హరిణి ఉలిక్కిపడి నా కింద తడిమేది. ఏమీ ఉండేది కాదు.

ఒకసారి కాలేజీకి డాక్టరమ్మ ఒకావిడ వచ్చి, ఫోన్ ఎక్కువగా వాడేవాళ్ళకు అది మోగకపోయినా మోగినట్టు అనిపిస్తుందనీ, అది భ్రమేననీ, ముందు నిద్ర సరిచేసుకోవాలనీ చెప్పిందట. పిల్లలు నిద్ర మాట అక్కడే వదిలేసి భ్రమ మాట ఒక్కటీ గదికి తెచ్చుకున్నారు. ఆ తరవాత ఎక్కడ గురగురమన్నా "భ్రమలేవే" అని నవ్వుకునేవారు.

ఇప్పుడు వాళ్ళ ఆచారం ఒకటి చెప్పాలి. వాళ్ళు వాడే ఒక యాప్‌లో ఇద్దరు స్నేహితులు రోజూ ఒకరికొకరు ఫొటో పంపుకుంటూ ఉంటే పేరు పక్కన మంట బొమ్మ, ఎన్ని రోజులైందో చెప్పే అంకె పడతాయి. దాన్ని స్ట్రీక్ అంటారు. ఒక్కరోజు ఫొటో పంపకపోతే మంట ఆరిపోతుంది, స్నేహం పోయినంత పని అవుతుంది. దీపారాధన మరిచిపోయినా సర్దుకునే పిల్లలు దీన్ని మాత్రం మరిచిపోరు. సిగ్నల్ లేని ఊరికి వెళ్తున్నా, ఇంట్లో ఫోన్ లాక్కుంటారని భయమున్నా, పాస్‌వర్డ్ ఒక నమ్మకస్తురాలికి చెప్పి పోతారు. ఆ నమ్మకస్తురాలు వాళ్ళ పేరుతో లోపలికి వెళ్ళి రోజుకో ఫొటో పంపుతుంది.

మా అంతస్తులో ఆ నమ్మకస్తురాలు హరిణి. కాదనడం చేతకాని పిల్ల. ప్రతి సెలవుకూ ఎవరో ఒకరి మంట ఆమె చేతిలో ఉండేది. ఎవరి పేరుతో పంపినా మొహం కనపడకూడదు కదా, అందుకని పొద్దున లేవగానే పక్కకు తిరిగి నా ఫొటో తీసేది. నీలం పూలు, ఒక గుంట, గోడ కొంచెం. అదే అందరి పేరుతో అందరికీ వెళ్ళేది. జవాబులు కూడా వచ్చేవి. "గుడ్ మార్నింగ్ రా", "మిస్ యూ". తమ స్నేహితురాలి స్థానంలో ఒక తలగడ ఉందని ఒక్కరికీ అనుమానం రాలేదు.

రెండో ఏడాది వానాకాలానికి నిస్సీ తల ఎలా ఉందో నాకు బాగా తెలుసు. ఆమెది స్పాంజి దిండు, అందుకని అప్పుడప్పుడూ నన్ను అడిగి తీసుకునేది. ఎంతసేపు పడుకున్నా ఆ తల బరువెక్కేది కాదు. తెల్లారేదాకా ఫోన్ చూసేది, పొద్దున్న క్లాసుకు లేవలేకపోయేది. హాజరు తగ్గింది, పరీక్షలు పోయాయి. అమ్మను తీసుకురమ్మని కాలేజీలో చెప్పారు. ఆ సంగతి అమ్మకు చెప్పలేక, చెప్పలేదని కాలేజీలో ఒప్పుకోలేక, ఆ మధ్యలో ఇరుక్కుని ఇంకా ఎక్కువగా ఫోన్ చూసేది.

ఒక పొద్దున బ్యాగు సర్దుకుంది. "జొరంగా ఉంది హరీ, ఇంటికెళ్తన్నా. మా ఇంట్లో నెట్ సరిగా రాదు. నా స్ట్రీకులు తెగనీకు."

"తెగనీనులే. నువ్వు రెస్టు తీసుకో."

"తెగితే ఏమైందీ ఏమైందీ అని అందరూ అడుగుతారే. నేను చెప్పలేను" అంది నిస్సీ. హరిణి తల ఊపి బ్రష్ తీసుకుని వెళ్ళిపోయింది. ఆ మాట నాకు నచ్చలేదు.

వార్డెన్‌కు ఇంటికి వెళ్తున్నానని చెప్పి వచ్చిన నిస్సీ, మెట్లు దిగాల్సింది పోయి ఎక్కింది. ఆ ఏడు అడ్మిషన్లు తక్కువై మూడో అంతస్తు మూసేశారు, కరెంటు మాత్రం తియ్యలేదు. సరిగ్గా మా నెత్తిన ఉన్న గదికి తాళం వేలాడుతున్నా, కొండీ చెక్కలోంచి ఊడిపోయి ఉంది. నిస్సీ అందులోకి వెళ్ళి తలుపు మూసుకుంది. హాస్టల్‌కి తను ఇంట్లో ఉంది. ఇంటికి తను హాస్టల్లో ఉంది. వాళ్ళమ్మ ఫోన్ చేస్తే "క్లాసు ఉందమ్మా" అనేది. హైదరాబాదులో నర్సుగా చేసే వాళ్ళక్క కెజియాకు రోజూ పొద్దున్నే చెల్లెలి పేరుతో ఒక ఫొటో అందుతూనే ఉంది. హాస్టలు గది, నీలం పూల తలగడ. ఇంకేం కావాలి?

ఇదంతా నాకెలా తెలుసంటారా? మధ్యాహ్నాలు అందరూ క్లాసుల్లో ఉండగా మా గది తాళం తిరిగేది. గది తాళంచెవి నిస్సీ దగ్గర కూడా ఉంది కదా. చెప్పుల్లేకుండా లోపలికి వచ్చేది. హరిణి వాళ్ళమ్మ పంపిన జంతికల డబ్బాలోంచి గుప్పెడు తీసుకుని, నా మీద తల పెట్టుకుని, కళ్ళు తెరుచుకునే ఫ్యాను వైపు చూస్తూ పడుకునేది. ఎండ కిటికీలోంచి మొహం మీద పడినా రెప్ప వేసేది కాదు. ఒకరోజు పెదవులు కదిలాయి. "ఒక్క గంట. ఒక్క గంట చాలు" అంది. ఎవరిని అడిగిందో తెలీదు. నన్నే అడిగిందనుకున్నాను. ఇవ్వలేకపోయాను. ఆ తల రోజురోజుకూ తేలికైపోతుంటే నాకు భయం వేసింది. ఈ పిల్ల ఇలాగే తేలిపోయి, ఒకరోజు నా మీద ఎవరూ లేకుండా పోతుందేమో అనిపించింది.

మర్నాడు పొద్దున హరిణి మళ్ళీ నా ఫొటో తీసి, నిస్సీ బాగానే ఉందని లోకానికి చెప్పేది. నిజం తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. అబద్ధపు సాక్ష్యం చెప్పించింది కూడా నాతోనే. నా జన్మలో అంత కోపం ఎప్పుడూ రాలేదు. నోరుంటే గలీబు చిరిగేలా అరిచేదాన్ని.

సాయంత్రాలు హరిణికి నా మీద పొడుగాటి వెంట్రుకలు దొరికేవి. కొబ్బరినూనె వాసన వేసేది. జంతికలు తరిగిపోయేవి. పైనుంచి గురగుర వినిపించేది. వారం తిరిగేసరికి అంతస్తంతా దయ్యం కథలే. ఎప్పుడో ఉరేసుకున్న పిల్లట, జుట్టు విరబోసుకుంటుందట. నలుగురు పిల్లలు మా గదిలో కూర్చుని నా మీది వెంట్రుకను వీడియో తీసి పెట్టుకున్నారు. దానికి బోలెడు లైకులు వచ్చాయి. "జంతికలు తినే దయ్యమేందే?" అని ఒక్క పిల్ల మాత్రం అడిగింది. అందరూ నవ్వేశారు. పైన దయ్యం ఉందంటే నమ్మారు గానీ, నిద్రలేని పిల్ల ఉండొచ్చని ఎవరికీ తట్టలేదు.

అప్పుడు హరిణికి జ్వరం వచ్చింది. రెండు రోజులు గదిలోనే లోపలి గడియ పెట్టుకుని పడుకుంది. రెండు మధ్యాహ్నాలూ బయట తాళంచెవి తిరిగింది, తలుపు కొంచెం ఊగింది, అడుగులు పైకి వెళ్ళిపోయాయి. రెండోరోజు ఆ అడుగులు మెట్టుమెట్టుకీ ఆగాయి. నిస్సీకి తిండి అందలేదని నాకు అర్థమైంది. హరిణి మూలుగుతూ అటు తిరిగి పడుకుంది.

తలగడ చెయ్యగలిగిన పని ఒక్కటే ఉంది. ఆ రాత్రి హరిణి మాత్ర వేసుకుని తల నా మీద ఆన్చగానే, ఖాసింబీ ఏరి నింపిన ప్రతి దూదిపోగుతోనూ ఆ తలను పట్టుకున్నాను. మాత్ర పనేనని డాక్టర్లు అంటారు. అననీండి. హరిణి తెల్లారినా లేవలేదు. ఎండెక్కినా లేవలేదు. ఫొటో వెళ్ళలేదు. ఆమె చేతిలో ఉన్న మంటలన్నీ ఒక్కసారే ఆరిపోయాయి.

హాస్టలంతా ఖాళీ అయి, చీమ చిటుక్కుమన్నా వినిపించే వేళకు ఆమె ఫోన్ మోగింది.

"హరిణీ, నేను కెజియాని, నిస్సీ వాళ్ళక్కని. ఇవాళ దాని ఫొటో రాలేదేంటమ్మా? ఫోన్ మోగుతంది, ఎత్తట్లేదు. నీ పక్కనుందా?"

"నా పక్కనెందుకుంటదక్కా? ఇంటికొచ్చింది గదా, జొరమని."

"ఏ ఇంటికి? అది హాస్టల్లోనే ఉంది. రోజూ ఫొటో పెడతానే ఉందిగా."

హరిణి చెంప నా మీద బిగుసుకుంది. "అక్కా... ఆ ఫొటోలు నేను పంపినయ్యి."

కెజియా గొంతు మారిపోయింది. "ఆగు. పక్కనున్న నర్సు ఫోన్లోంచి మళ్ళీ చేస్తా దానికి. నువ్వు కట్ చెయ్యొద్దు."

నెత్తిన గురగురమంది.

హరిణి అలవాటుగా నా కింద తడిమింది. చెయ్యి అక్కడే ఆగిపోయింది. మెల్లగా పైకప్పు వైపు చూసింది. "అక్కా, ఆపు" అంది. గురగుర ఆగింది. "చెయ్యి." మళ్ళీ మొదలైంది. "ఆపు." ఆగింది. జ్వరంతో మండుతున్న ఆ పిల్ల ఒళ్ళు నా మీద చల్లబడిపోవడం నాకు తెలిసింది.

నన్ను గుండెకు అదుముకున్నదల్లా అలాగే పరిగెత్తింది. "శాంతకుమారి మేడం! మేడం!" అని అరుస్తూ మెట్లెక్కింది. వార్డెన్ వెనకాలే ఆయాసపడుతూ వచ్చింది. తలుపు తోస్తే తాళంతో సహా తెరుచుకుంది.

నిస్సీ పరుపు లేని మంచం మీద వెల్లకిలా ఉంది. జుట్టు అంచు మీంచి నేల దాకా వేలాడుతోంది. పెదవులు పగిలాయి. ఇనుప మంచం కోడు దగ్గర ఫోన్ కొట్టుకుంటోంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. మమ్మల్ని చూడలేదవి. చనిపోయిందనే అనుకున్నాను. అప్పుడు పెదవులు కదిలాయి.

"హరీ, స్ట్రీక్ తెగిందా?"

"తెగిందే" అంది హరిణి ఏడుస్తూ.

"అయితే ఇంక అందరూ అడుగుతారు" అంది నిస్సీ, మూలకు నక్కబోతూ. అందరూ అడుగుతారని ఆ పిల్ల అంత భయపడింది. అడిగింది ఒక్క అక్క.

ఆసుపత్రికి నేను కూడా వెళ్ళాను. నిద్ర, తిండి పోయాక మనసుకూ జబ్బు చేస్తుందని, దీనికి మందులున్నాయని, కానీ నెమ్మదిగా మాట్లాడి మోయాల్సిన బరువు కూడా ఉందని అక్కడి డాక్టరు నిస్సీ వాళ్ళమ్మకు చెప్పాడు. ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని విన్నది. కాలేజీవాళ్ళు మూడో అంతస్తుకు కొత్త తాళం వేశారట. అదీ వాళ్ళకు తోచిన వైద్యం.

పక్కరోజు పొద్దున కెజియా హైదరాబాదు బస్సు దిగి నేరుగా వచ్చింది. గుమ్మంలోనే ఆగిపోయింది. చెల్లెల్ని కాదు, చెల్లెలి తల కింద ఉన్న నన్ను చూస్తూ నిలబడింది. నీలం పూలు, ఒక గుంట.

"రోజూ పొద్దున్నే డ్యూటీ దిగి దీనికి గుడ్ మార్నింగ్ చెప్పానమ్మా" అంది తల్లితో. "బంగారం అన్నాను. తిన్నావా అని అడిగాను. దీన్నే నా చెల్లెలనుకున్నాను."

తరవాత మంచం మీద కూర్చుని, నిస్సీ మెడ కింద చెయ్యి పెట్టి తల ఎత్తి, నన్ను లాగి కుర్చీలో బోర్లా వేసింది. తన చెయ్యే చాపి ఆ తలను దాని మీద పెట్టుకుంది. చెయ్యి తిమ్మిరెక్కుతుందని నర్సు చెప్పినా తియ్యలేదు.