హార్కిన్ తుపాకీ గోరు

సైమా లైటలా భుజం విరిగింది అడవిలో కాదు. కోళ్ళగూడు కప్పు మీద పేరుకున్న మంచు తోస్తూ నిచ్చెన మీంచి జారిపడింది. యాభై ఏళ్ళు జింకల వెంట తిరిగిన మనిషి పెరట్లో పడిందని ఊరంతా నవ్వుకుంది. ఆమె మొగుడు రూడీ మాత్రం నవ్వలేదు. నాలుగు వారాలపాటు రోజూ పొద్దున్నే ఆమెకు జడ వేశాడు పాపం. ఆ జడ చూసి కూతుళ్ళు నవ్వారు, అది వేరే సంగతి.

డాక్టరు భుజంలో మూడు మరలు బిగించి, "అన్ని పనులూ చేసుకోవచ్చు గానీ ఎదురు తన్నే తుపాకీ మాత్రం ముట్టుకోవద్దు" అన్నాడు. సైమాకు తాతగారి నాటి తుపాకీ ఒకటే ఉంది. అది పేలిందంటే కంచరగాడిద తన్నినట్టే. అరవై ఆరేళ్ళ భుజం, అందులో మూడు మరలు, దానికి ఆ తాపు ఎక్కడ ఓర్చుకుంటుంది?

ఆ మంచుప్రాంతం వాళ్ళకు నవంబరు పదిహేను అంటే బడికి కూడా సెలవిచ్చే రోజు. జింకల వేట మొదలయ్యేది ఆ పొద్దునే. బురదనేల అంచున దేవదారుల మధ్య సైమాకు మెట్లెక్కి జింకల కోసం పొంచి కూచునే చెక్కగూడు ఒకటి ఉంది. పదిహేనో ఏట తండ్రి పక్కన కూచున్నది మొదలు ఆమె ఆ గూడు తప్పింది రెండేళ్ళే. పెద్దపిల్ల పుట్టిన ఏడు ఒకటి, తల్లి పోయిన ఏడు ఒకటి.

"ఈ ఏటికి ఇంట్లో కూచో. నేను కాల్చిన రొట్టె తింటూ కిటికీలోంచి జింకల్ని చూడు" అన్నాడు రూడీ.

"కిటికీలోంచి చూడ్డానికి నేనేమైనా పిల్లినా?" అంది సైమా.

రూడీ వేటకు పోయేవాడు కాదు. ముప్పై రెండేళ్ళు గనివాళ్ళ పనిముట్ల షెడ్డులో ఇనుము అరగదీసి, పని మానేశాక రొట్టెలు కాల్చడంలో పడ్డాడు. యాలకుల పొడి వేసి అతను అల్లే జడరొట్టె కోసం చర్చివాళ్ళంతా కాచుకుని ఉండేవాళ్ళు. రొట్టెకు అంత చక్కగా వేసే జడ పెళ్ళానికి ఎందుకు కుదరలేదో ఎవరికీ తెలియదు.

సెప్టెంబరులో సైమా ఊళ్ళో తుపాకుల దుకాణానికి వెళ్ళింది. దుకాణం కర్ట్ ది. కుర్రవాడు, అంటే నలభై దాటినవాడే. అతను గోడ మీంచి ఒక హార్కిన్ తీసి చేతిలో పెట్టాడు.

"ఇది దానంతట అదే ఖాళీ గుల్లను బయటికి విసిరి కొత్త తూటా ఎక్కించుకుంటుంది, సైమా గారూ. మీరు మీట నొక్కడమే. పేలిన జోరులో సగం ఆ పనికే పోతుంది, మీ భుజానికి మిగిలేది తక్కువ."

వెనక దిబ్బ దగ్గర సైమా ఒక్కసారి పేల్చి చూసింది. దూడ ముట్టెతో నెట్టినట్టు భుజానికి మెత్తగా తగిలింది. ఆవిడ మొహంలో మెరుపు చూసి కర్ట్ కే భయం వేసింది.

"ముందే చెబుతున్నాను. దీన్ని చేసిన ఫ్యాక్టరీ మూతపడి నలభై ఏళ్ళయింది. ఏదైనా విరిగితే భాగాలు దొరకవు. ఉన్నవన్నీ ఐనో హౌటమాకి దగ్గరే ఉన్నాయి. ఆయన సంగతి మీకు తెలుసు కదా."

తెలియనివాళ్ళు ఎవరు! ముప్పై ఏళ్ళుగా ఎక్కడ హార్కిన్ అమ్మకానికి వచ్చినా ఐనో పాత ట్రక్కు అక్కడ ముందే నిలబడి ఉండేది. తర్వాత ఎవరైనా వెళ్ళి చిన్న స్ప్రింగు అడిగినా "లేదు" అని తలుపు వేసేవాడు. బండరాయినైనా పిండొచ్చు గానీ ఐనో నుంచి ఏదీ రాలదని ఊళ్ళో మాట.

సైమా ఇదంతా విని కూడా కొనేసింది. ఫారం నింపింది, ఈవిడకి తుపాకీ అమ్మొచ్చా అని కర్ట్ ఫోనులో అడగవలసిన అధికారులను అడిగాడు, తుపాకీ ఇంటికొచ్చింది. రూడీ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "నీకంటే పదేళ్ళు చిన్నది. అయినా నీకంటే ముందే మూలపడుతుంది చూడు" అన్నాడు.

నోరు మంచిదయితే ఊరు మంచిదవుతుందంటారు. రూడీ నోరు అలాంటిది కాదు. ఆ శనివారమే కంకరగుంటలో గురి చూసుకుంటుంటే మూడో తూటాకు తుపాకీ బిగుసుకుపోయింది. లోపల గోరు విరిగింది. పేలిన గుల్లను గొట్టంలోంచి పట్టి లాగే చిన్న కొక్కెం అది, బియ్యపు గింజ కంటే కాస్త పెద్దది, అంతే. అది లేకపోతే ఒక తూటా పేలాక గుల్ల లోపలే ఇరుక్కుంటుంది, తుపాకీ కాస్తా కర్ర అవుతుంది. భార్యాభర్తలిద్దరూ అయస్కాంతం పట్టుకుని మోకాళ్ళ మీద కంకరంతా వెతికారు. ఒక గుర్రపునాడా దొరికింది గానీ గోరు దొరకలేదు.

"కొత్తది చేయొచ్చు కదా?" అని కర్ట్ ను అడిగింది.

"దేన్ని చూసి చేయమంటారు? విరిగిన ముక్కయినా ఉండాలి, మంచిదైనా ఉండాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా గుల్లను పట్టదు."

సైమా ఊరుకోలేదు. నాలుగు గంటలు కారు నడుపుకుంటూ వెళ్ళి, తుపాకుల సంతలో భుజానికి ఆనించే మడమ చెక్క పగిలిన హార్కిన్ ఒకటి కొనుక్కొచ్చింది. దీని గోరు దానికి వేస్తే సరిపోతుందని ఆవిడ లెక్క. వంటింటి బల్ల మీద విప్పి చూస్తే ఏముంది, దానికీ గోరు లేదు!

రూడీ కుర్చీలో వెనక్కి వాలి కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వాడు. "పిచ్చిదానా! అది పనిచేస్తుంటే వాడెందుకు అమ్ముతాడే? అందరికీ విరిగేది ఒక్కటే. ఒకే పన్ను ఊడిన అక్కచెల్లెళ్ళని తెచ్చి పెట్టావు."

సైమాకు కోపం రాలేదు. కాలెండరు వైపు చూసింది. అయిదు వారాలే ఉన్నాయి.

మర్నాడు జడరొట్టె ఒకటి గుడ్డలో చుట్టుకుని ఐనో ఇంటికి వెళ్ళింది. తలుపు జానెడు తెరుచుకుంది. ఎనభై ఒక్క ఏళ్ళ ఐనో ముందు ఆవిడని, తర్వాత రొట్టెని చూశాడు.

"లేదు" అన్నాడు.

"నేనింకా అడగనే లేదు, పెద్దాయనా."

"హార్కిన్ కొన్నావట. గోరు విరిగిందట. ఊళ్ళో అందరికీ తెలుసు. లేదు."

"సరే, లేకపోతే లేదు. రొట్టయినా తీసుకోండి. చల్లారితే రూడీ నన్ను తిడతాడు."

యాలకుల వాసన రాతినైనా కదిలిస్తుంది. తలుపు ఇంకో మూరెడు తెరుచుకుంది. కాఫీ కాగింది. రెండో కప్పులో ఉండగా సైమా వెనక గది వైపు మెడ చాచి చూసింది. గోడపొడుగునా హార్కిన్ తుపాకులు! ఒకటీ, రెండూ... ఎనిమిది.

"ఎనిమిది పెట్టుకుని లేదంటారేం, పెద్దాయనా? చచ్చాక వెంట తీసుకెళతారా?"

ఐనో లేచి వెళ్ళి ఒక్కొక్క తుపాకీకీ తూటా గది తలుపు వెనక్కి లాగి చూపించాడు. మొదటిదానికి గోరు లేదు. రెండోదానికి లేదు. అలా ఏడింటికీ లేదు. కాఫీడబ్బాల్లో స్ప్రింగులు, మరలు, చెక్కలు, తూటాల పెట్టెలు ఎన్నున్నా గోరు ఒక్కటీ లేదు.

"ఒక్కోటి కొన్నప్పుడల్లా దీనికైనా ఉంటుందనుకున్నా. ముప్పై ఏళ్ళు కొన్నా. పనికొచ్చేది ఒక్కటీ లేదని ఏ మొహం పెట్టుకుని చెప్పను? పిసినారి అంటే అననీలే, వెర్రివాడు అనకపోతే చాలనుకున్నా."

సైమాకు నవ్వు రాబోయి ఆగిపోయింది. ఊరంతా ఏళ్ళ తరబడి తిట్టిన మనిషి ఇతనేనా అనిపించింది. "మా ఇంట్లోనూ ఒకటుంది లెండి అలాంటిది" అంది నెమ్మదిగా. "మరి ఎనిమిదోది?"

"అది నాది. దానికుంది." అనేసి ఐనో చటుక్కున దాని ముందు నిలబడ్డాడు. "అది కూడా విరుగుతుందేమోనని తొమ్మిదేళ్ళుగా పేల్చలేదు. అడవికే పోలేదు."

"విరక్కుండా ఏం చేస్తోంది మరి?"

"గోడకి వేలాడుతోంది."

"విరిగిన నాదీ గోడకే వేలాడుతోంది, పెద్దాయనా. తేడా ఏముంది?"

సైమా లేచి కోటు తొడుక్కుంది. "మీ గోరు నాకొద్దు. ఒక్కపూట రూడీ చేతిలో పెట్టండి, చూసి కొలుచుకుంటాడు. అతని చేతిలో ఇనుము మాట వింటుంది" అని చెప్పి వచ్చేసింది.

వారం గడిచింది. రెండో వారమూ గడిచింది. ఐనో జాడ లేదు. "బండరాయి అన్నది ఊరికే కాదు" అన్నాడు రూడీ. సైమా వేటసామాన్ల పెట్టెలోని నారింజరంగు చొక్కా తీసి ఆరేసింది, మళ్ళీ మడిచి లోపల పెట్టింది.

మూడో ఆదివారం పొద్దున్నే పాత ట్రక్కు వచ్చి ఆగింది. ఐనో చేతిలో అగ్గిపెట్టె ఉంది. అందులో ఉన్నిలో పొదిగి గోరు. "నా కళ్ళముందే కొలవాలి" అన్నాడు. రోజంతా రూడీ భుజం మీద గడ్డం ఆనించినంత దగ్గరగా నిలబడ్డాడు.

రూడీ పాత దుంగలరంపం ముక్క ఒకటి కాల్చి మెత్తబరిచాడు. మధ్యాహ్నం దాకా అరగదీసి, మళ్ళీ ఎర్రగా కాల్చి నూనెలో ముంచాడు. తర్వాత రొట్టెల ఓవెన్ లో పెట్టి, అది ఎండుగడ్డి రంగు రాగానే తీసేశాడు. చూడ్డానికి పాతదానికి కవలపిల్లే. కంకరగుంటకు తీసుకెళ్ళి పేల్చారు. మొదటి గుల్ల ఎగిరిపడింది. రెండోదీ పడింది. మూడోదానికి గోరు ఠప్పున విరిగింది.

ఐనో అగ్గిపెట్టె జేబులో వేసుకుని ట్రక్కు వైపు నడిచాడు. ఆ ట్రక్కు వెళ్ళిపోతే ఈ ఏడే కాదు, మరి గూడు మొహం చూసే రాత ఉండదని ఆవిడకి తెలుసు.

"తొందరపడి తీశాను. రొట్టెయితే లోపల పచ్చిగా ఉండేది" అని రూడీ తనలో తాను గొణుక్కున్నాడు.

ట్రక్కు తలుపు పట్టుకున్న ఐనో ఆగాడు. "ఏ రంగులో తీశావు?"

"గడ్డి రంగులో."

"ఓరి నీ ఇల్లు బంగారం కానూ! ఆ రంగులో తీస్తే ఇనుము పెళుసు, అది కత్తులకి. వంగి లేచే ముక్కకి నల్లద్రాక్ష రంగు రావాలి. నేను పోతపని షెడ్డులో ఇరవై ఏళ్ళు ఏం చేశాననుకున్నావు?"

"ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా, పెద్దాయనా!"

"నువ్వు అడిగావా?"

రెండో గోరుకు ఓవెన్ మీటను చివరిగీత దాకా తిప్పారు. ఐనో దాని ముందు ముక్కాలిపీట వేసుకుని కూచుని అద్దంలోంచి రెప్ప వేయకుండా చూశాడు. గడ్డిరంగు పోయి గోధుమరంగు వచ్చింది. రూడీ చెయ్యి చాచబోతే చేతి మీద ఒక్కటి వేశాడు. "ఆగు. ఆగవయ్యా. ఇంకా... ఆ, ఇప్పుడు!"

మర్నాడు ఇరవై తూటాలు పేల్చారు. ఇరవై గుల్లలూ ఎగిరిపడ్డాయి. సైమా వాటిని లెక్కపెట్టలేదు, ఐనో పెట్టాడు. రెండుసార్లు పెట్టాడు.

అప్పుడు ఐనో చేసిన పని ఎవరూ అనుకోనిది. అగ్గిపెట్టె తెరిచి తన పాత గోరును సైమా తుపాకీలో బిగించాడు. కొత్తది తన తుపాకీకి తీసుకున్నాడు.

"అదేంటి, పెద్దాయనా! అది మీది కదా?"

"నీ భుజం అరిగింది, నీకు గట్టిది కావాలి. నాది విరిగితే మీ ఆయన ఇంకోటి కాలుస్తాడు. తొమ్మిదేళ్ళు దాచి ఏం బావుకున్నాను, అమ్మాయ్?"

అరవై ఆరేళ్ళ మనిషిని అమ్మాయ్ అన్నందుకు రూడీ వారం రోజులు నవ్వాడు.

నవంబరు పదిహేను తెల్లవారేసరికి చీలమండ లోతు మంచు ఉంది. సైమా తన చెక్కగూట్లో కూచుంది. పక్కన వేడి కాఫీ, ఒళ్ళో హార్కిన్. ఎండపొడ దేవదారుల కొసలకు తగిలే వేళ పొదల్లోంచి కొమ్ముల జింక ఒకటి బయటికొచ్చి పక్కకి తిరిగి నిలబడింది. సైమా ఊపిరి బిగబట్టి మీట నొక్కింది. తుపాకీ దూడలా మెత్తగా భుజాన్ని నెట్టింది. జింక నాలుగడుగులు వేసి మంచులో ఒరిగింది. ఇత్తడిగుల్ల గిరికీలు కొడుతూ వెళ్ళి మంచులో చిన్న గుంట చేసుకుని దిగబడింది.

ఆవిడ గూడు దిగబోతుండగా గుట్టకు అవతల, తొమ్మిదేళ్ళ తర్వాత వేటకొచ్చిన ఐనో ఉన్న వైపు నుంచి ఒక చప్పుడు వినిపించింది. సైమా మెట్టు మీదే ఆగిపోయింది. తన జింక సంగతి కూడా మరిచిపోయి చెవులు రిక్కించింది. ఒక్క చప్పుడుతో ఏం తెలుస్తుంది? గోరు నిలిచిందని చెప్పేది రెండోదే.

రెండో చప్పుడు వచ్చింది.

మధ్యాహ్నం రూడీ రొట్టె, వేడి సూపు తీసుకుని వచ్చేసరికి గుట్ట దిగి ఐనో వస్తున్నాడు. వెనక జింక లేదు. మొహం మాత్రం పెళ్ళికొడుకులా ఉంది.

"ఏం పడింది, పెద్దాయనా?" అని అరిచాడు రూడీ.

"ఏమీ పడలేదు. రెండూ తప్పాయి." ఐనో గుప్పెట విప్పి రెండు ఖాళీ గుల్లలు చూపించాడు. "రెండూ తప్పాయిరా, రెండూ!"

రొట్టె సగం తిన్నాక అసలు సంగతి ఎత్తాడు. "గోడ మీద ఇంకా ఏడున్నాయి. ఊళ్ళో మూలపడ్డవి ఇంకెన్నో. ఆ ఓవెన్ ఖాళీగా ఉండేది ఏ రోజు?"

"మంగళవారం" అన్నాడు రూడీ.

"అయితే మంగళవారం నా తలుపు తీసే ఉంటుందని కర్ట్ తో చెప్పండి" అని ఐనో ఇంకో ముక్క తుంచుకున్నాడు.